‘సోల్డర్’ అన్న మాట, ఆ మాట నిలబెట్టుకున్న తీగచుట్ట

మూడు నెలలుగా నా పనిబల్ల మీద ఒక సోల్డర్ తీగచుట్ట ఉంది. లోహపు ముక్కలను అతకడానికి కరిగించి వాడే మిశ్రలోహమే సోల్డర్. బరువు 100 గ్రాములు, తీగ మందం 0.8 మిల్లీమీటర్లు, నూటికి 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం, తీగ నడుమ బోలులో రోజిన్ ఫ్లక్స్, అంటే అతికే చోట చిలుమును తొలగించే బంక పదార్థం. అదే తయారీదారు అమ్మే సీసం లేని చుట్టను కూడా తెప్పించుకుని, రెండింటితోనూ ఒకే రకమైన సర్క్యూట్ బోర్డుల మీద ఒకే రకమైన అతుకులు వేసి చూశాను. ఇలాంటి వస్తువును ఎంత త్వరగా కరుగుతుంది, ఎంత పొగ వస్తుంది అన్న లెక్కలతో తూచడం మామూలే. ఆ లెక్కలు ఇక్కడా ఉంటాయి. అయితే నేను దీన్ని ముందుగా దాని పేరుతోనే కొలవదలచుకున్నాను. లోహపు పనిలో వాడే ఇంగ్లిష్ మాటల్లో, తాను చేయవలసిన పనిని ఇంత సూటిగా తన లోపలే దాచుకున్న మాట నాకు మరొకటి తారసపడలేదు.

‘సోల్డర్’ అన్న మాట లాటిన్‌లోని ‘సాలిదారె’ అనే క్రియ నుంచి వచ్చింది. గట్టిపరచడం, విడిగా ఉన్నదాన్ని ఒక్కటిగా చేయడం అని దాని అర్థం. ఆ క్రియకు మూలం ‘సాలిదుస్’ అనే విశేషణం. గట్టిది, లోపల డొల్ల లేనిది, ముక్కలు కానిది అని దానికి అర్థాలున్నాయి. ఇంగ్లిష్‌లోని ‘సాలిడ్’ దీని నుంచే పుట్టింది. ఇంకా వెనక్కి వెళితే, ‘మొత్తం’ అనే అర్థం గల ఒక ప్రాచీన ఇండో-యూరోపియన్ ధాతువు దగ్గర ఆగుతాము. గ్రీకులో మొత్తం అని చెప్పే ‘హొలొస్’, సంస్కృతంలోని ‘సర్వ’ ఆ ధాతువు నుంచే వచ్చాయని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మనం రోజుకు పదిసార్లు అనే ‘సర్వం’, బల్ల మీద సన్నగా పొగలు కక్కే ఈ సోల్డర్ ఒకే కుదురువన్నమాట. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి అతుకు వేసే ప్రతిసారీ నాలో ఒక ప్రశ్న మెదులుతుంది: రెండు ముక్కలు దగ్గరగా అంటుకున్నాయా, లేక నిజంగా ఒక్కటయ్యాయా?

లాటిన్ నుంచి ఇంగ్లిష్‌కు ఈ మాట నేరుగా రాలేదు. నడుమ పాత ఫ్రెంచి భాషలో నలిగి, ‘ల’ కారాన్ని పోగొట్టుకుంది. ఫ్రెంచిలో ఇప్పటికీ అతకడాన్ని ‘సూదే’ అంటారు, అందులో ‘ల’ వినబడదు. 14వ శతాబ్దపు తొలినాళ్లలో ఇంగ్లిష్‌లో అడుగుపెట్టినప్పుడు కూడా ఇది ‘సూదుర్’ వంటి రూపంలోనే ఉండేది. తరువాతి శతాబ్దంలో లాటిన్ చదువుకున్నవారు మాట పుట్టుపూర్వోత్తరాలు రాతలో కనబడాలని ‘ల’ను తిరిగి చేర్చారు. ‘ఫాల్ట్’, ‘సాల్మన్’ వంటి మాటలకు కూడా ఇలాగే ‘ల’ వచ్చి చేరింది. ‘ఫాల్ట్’లో అది కాలక్రమేణా పలుకులోకి వచ్చింది, ‘సాల్మన్’లో నేటికీ మౌనంగానే ఉంది. సోల్డర్ విషయంలో మాత్రం తగవు తేలలేదు. బ్రిటన్‌లో ఎక్కువమంది ‘ల’ను పలుకుతారు, అమెరికన్లు ‘సాడర్’ అంటారు. వీడియోలు చూసి ఈ పని నేర్చుకునేవాళ్లు ‘సాడర్’ అంటే మరేదో వస్తువు అనుకుని తికమక పడటం నేను చూశాను. రెండూ ఒకటే. మన లిపిలో ‘సోల్డర్’ అనే స్థిరపడింది కనుక ఇక్కడ అలాగే రాస్తున్నాను.

ఈ కుటుంబంలో మరికొందరు చుట్టాలున్నారు. నాలుగవ శతాబ్దపు ఆరంభంలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ వేయించిన బంగారు నాణెం పేరు ‘సాలిదుస్’. ఒక రోమన్ పౌను బంగారానికి 72 నాణేలు, అంటే ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర గ్రాములు. ఆ నాణెం పేరు మీదుగా పాత ఫ్రెంచిలో జీతానికి ఒక మాట, ఆ జీతం తీసుకుని యుద్ధం చేసేవాడికి మరొక మాట ఏర్పడ్డాయి. ఆ రెండవది ఇంగ్లిష్‌లో ‘సోల్జర్’ అయింది. అర్థాన్ని బట్టి చూస్తే అచ్చంగా మన ‘జీతగాడు’. సోల్డర్, సోల్జర్ చెవికి దగ్గరగా వినబడటం కాకతాళీయమని చాలాకాలం అనుకున్నాను. నిజానికి అవి ఒకే తల్లి బిడ్డలు. పసుపు పూల ‘సాలిడాగో’ మొక్క పేరు కూడా ఇదే క్రియ నుంచి వచ్చింది. అది గాయాలను పూడ్చి, చీలిన ఒంటిని కలుపుతుందని పూర్వం నమ్మేవారు. లోహానికి వేసిన అతుకు, మానిన గాయం ఒకే మాట కిందికి వచ్చాయంటే, ఆ మాట పుట్టించినవారి చూపు ఎంత నిశితమైనదో గమనించాలి.

తెలుగులో ఇదే పనికి మనకున్న ‘టంకం’ కూడా తక్కువ లోతైన మాట కాదు. సంస్కృతంలో ‘టంకణం’ అంటే వెలిగారం. బంగారం, వెండి అతికేటప్పుడు ఆ చోట పొరలు కరిగించి శుభ్రం చేయడానికి చల్లే పదార్థం అదే. ఈ టంకణమే పర్షియన్, మలయ్ భాషల మీదుగా ప్రయాణించి ఇంగ్లిష్‌లో ముడి వెలిగారానికి ‘టింకల్’ అనే పేరైంది. మరోవైపు ‘టంక’ అంటే ముద్ర వేసిన నాణెం, నాణేలు ముద్రించే చోటు టంకశాల. లాటిన్‌లో అతకడానికీ నాణేనికీ ఒకే మూలం దొరికినట్టే, మన దగ్గరా అతుకు, నాణెం పక్కపక్కనే కూర్చున్నాయి. దారులు వేరు, ఒకదాన్నుంచి ఒకటి రాలేదు. అయినా రెండు భాషల్లోనూ అవి ఇంత చేరువగా ఉండటం నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఒక తేడా మాత్రం చెప్పుకోవాలి. సోల్డర్ అన్న పేరు జరగవలసిన ఫలితాన్ని చెబుతుంది, టంకం అన్న పేరు ఆ ఫలితం రావడానికి వాడే వెలిగారాన్ని గుర్తుచేస్తుంది. ఈ రెండవ సంగతి ఎంత ముఖ్యమో తీగ లోపలి ఫ్లక్స్ గురించి చెప్పేటప్పుడు మళ్లీ వస్తుంది.

ఇక చుట్ట దగ్గరికి వద్దాం. తగరం విడిగా కరగాలంటే 232 డిగ్రీల సెల్సియస్ కావాలి, సీసానికి 327 కావాలి. రెండింటినీ 63, 37 పాళ్లలో కలిపితే ఆ మిశ్రలోహం 183 డిగ్రీలకే కరిగిపోతుంది. విడివిడిగా ఉన్నప్పటి కంటే కలిసినప్పుడు తేలికగా కరిగే ఇలాంటి మిశ్రమాన్ని ‘యూటెక్టిక్’ అంటారు. సులువుగా కరిగేది అనే అర్థం గల గ్రీకు మాటతో, 1884లో ఇంగ్లండుకు చెందిన భౌతికశాస్త్రవేత్త ఫ్రెడరిక్ గుత్రీ పెట్టిన పేరు అది. ఒక మిశ్రలోహం ఏ వేడి దగ్గర కరగడం మొదలవుతుందో దాన్ని ‘సాలిడస్’ అని, ఏ వేడి దగ్గర పూర్తిగా ద్రవమవుతుందో దాన్ని ‘లిక్విడస్’ అని లోహశాస్త్రంలో పిలుస్తారు. కాన్‌స్టంటైన్ నాణెం పేరే ఇక్కడ ఉష్ణోగ్రత పేరుగా మళ్లీ కనబడుతుంది. 63/37 మిశ్రమంలో ఆ రెండు ఉష్ణోగ్రతలూ ఒకటే. 60/40 మిశ్రమంలో సాలిడస్ 183 దగ్గరే ఉంటుంది కానీ లిక్విడస్ దాదాపు 190కి జరుగుతుంది. ఈ ఏడు డిగ్రీల సందులో లోహం ద్రవమూ కాదు, ఘనమూ కాదు, గుజ్జులా ఉంటుంది.

ఏడు డిగ్రీలే కదా అనిపిస్తుంది. భూతద్దం కింద చూస్తే తేడా తెలుస్తుంది. రెసిస్టర్ అనే చిన్న విద్యుత్ భాగపు కాలును (తీగను) బోర్డు మీది రాగి మెత్త మీద అతికి, వేడి చేసే పరికరమైన సోల్డరింగ్ ఐరన్‌ను తీసేసిన తరువాత, 60/40 అతుకు ఒక్క క్షణం అద్దంలా మెరిసి, ఆ మెరుపు మీద అంచు నుంచి మధ్యకు మంచు పట్టినట్టు ఒక మసక పాకుతుంది. ఆ మసక పాకుతున్నంతసేపూ కాలు కదలకూడదు. కదిలిందా, పైభాగం ఇసుక చల్లినట్టు గరుకుగా గడ్డకడుతుంది. లోపల కంటికి కనబడని చీలికలు మిగులుతాయి. ఈ చుట్టలోని 63/37 తీగతో ఆ దశ దాదాపు లేదు. ద్రవంగా ఉన్నది ఉన్నట్టుండి ఘనమవుతుంది, మెరుపు అలాగే నిలిచిపోతుంది. చేయి కొంచెం వణికేవారికి, తీగను పట్టుకోవడానికి మూడవ చేయి లేక ఇబ్బందిపడే వారికి ఇది చిన్న మేలు కాదు. ఒకే రోజు నలభై అతుకులు వేసి, మరునాడు ఒక్కొక్కదాన్ని భూతద్దంతో పరిశీలించాను. రెండింటిని మాత్రమే తిరిగి కరిగించవలసి వచ్చింది, ఆ రెండూ నేను రాగి మెత్తను సరిగా వేడి చేయనివే. తీగ తప్పు కాదు.

దీనికి ముందు నేను వాడిన ఒక చుట్ట గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఈ మెచ్చుకోలుకు కొలత ఉండదు. దాని పేరు ఇక్కడ అనవసరం. చీటీ మీద 60/40 అని ఉండేది. ఐరన్ వేడిని 400 డిగ్రీలకు పెంచినా తీగ బద్ధకంగా కరిగి, రాగి మీద పరుచుకోకుండా తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలిచేది. దానితో మరమ్మతు చేసిన ఒక ఆంప్లిఫయర్ నెల రోజులు చక్కగా పలికి, ఆ తరువాత తాకినప్పుడల్లా గరగరమనడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే, ఒక కెపాసిటర్ కాలు చుట్టూ వెంట్రుకంత గీత ఉంగరంలా కనబడింది. సోల్డర్ ఉంది, కాలు ఉంది, రెండింటికీ నడుమ బంధం లేదు. ‘సాలిదారె’ అన్న క్రియ అక్కడ జరగనే లేదు.

ఈ బంధం ఎలా ఏర్పడుతుందో తెలిస్తే పేరు మీద గౌరవం మరింత పెరుగుతుంది. సోల్డర్ జిగురు లాంటిది కాదు. కరిగిన తగరం రాగిని తాకినప్పుడు, రాగి పైపొర నుంచి కొన్ని పరమాణువులు తగరంలోకి కరిగి, రెండూ రసాయనికంగా కలిసి ఒక కొత్త పలుచని పొరగా మారతాయి. ఆరు రాగి పరమాణువులకు ఐదు తగరపు పరమాణువుల లెక్కన ఉండే ఆ సమ్మేళనం మిల్లీమీటరులో వెయ్యి భాగాల్లో ఒకటి రెండు భాగాలంత మందంలో ఉంటుంది. అతుకు బలమంతా అక్కడే పుడుతుంది. అదే పొర మరీ మందంగా పెరిగితే పెళుసుబారుతుంది కనుక, ఐరన్‌ను అవసరమైన రెండు మూడు సెకన్ల కంటే ఎక్కువసేపు అదిమి ఉంచడం మంచిది కాదు. ఈ తీగ తేలికగా కరిగే గుణం వల్ల నాకు ఆ సెకన్లు సునాయాసంగా సరిపోయాయి.

ఈ కలయిక జరగాలంటే రాగి మీద చిలుము ఉండకూడదు. ఆ చిలుమును తొలగించేది ఫ్లక్స్. ప్రవాహం అనే అర్థం గల లాటిన్ మాట నుంచి వచ్చిన పేరిది. ఈ తీగలో వాడిన రోజిన్ పైన్ చెట్ల బంక నుంచి తీసేది, వయొలిన్ వాయించేవారు కమానుకు రుద్దేది కూడా ఇదే. దీని మరో పేరు ‘కొలోఫొనీ’, ప్రాచీన గ్రీకు నగరం కొలోఫోన్ మీదుగా వచ్చింది. మామూలు వేడిలో గాజుపెంకులా గట్టిగా, నిరపాయంగా ఉండి, ఐరన్ తాకగానే ద్రవమై, అందులోని ఆమ్లాలు చిలుమును కరిగించి, చల్లారగానే తిరిగి గట్టిపడటం దీని ప్రత్యేకత. ఈ చుట్టలో ఫ్లక్స్ బరువులో రెండు శాతం అని రాసి ఉంది. కొత్త బోర్డులకు అది సరిపోయింది. పదేళ్ల నాటి బోర్డు మీద, నల్లబడిన రాగి కాళ్ల దగ్గర మాత్రం చాలలేదు, విడిగా మరికొంత ఫ్లక్స్ పూయవలసి వచ్చింది. టంకం అన్న మన మాట వెలిగారం పేరును మోయడంలోని ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది: లోహం ఎంత మంచిదైనా, చోటును శుభ్రం చేసేది లేకపోతే అతుకు లేదు.

అతుకు చుట్టూ మిగిలే తేనెరంగు మడ్డి ఈ తీగతో తక్కువగానే ఉంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్‌తో రెండుసార్లు రుద్దితే పోయింది. పొగ మాత్రం ఘాటుగానే వస్తుంది. ఆ పొగ సీసానిది కాదు, ఈ పనికి వాడే వేడిలో సీసం చెప్పుకోదగినంతగా ఆవిరి కాదు. అది రోజిన్ పొగ, దీర్ఘకాలం పీల్చేవారికి ఉబ్బసం తెచ్చిపెడుతుందని స్పష్టంగా తెలిసినదే. చిన్న ఫ్యాను పెట్టి పొగను ముఖానికి దూరంగా లాగించడం తప్పనిసరి. సీసం ముప్పు వేళ్ల నుంచి నోటికి చేరడంలో ఉంది కనుక, పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ తినకూడదు, తీగను పళ్ల మధ్య పట్టుకునే అలవాటు అసలే పనికిరాదు. తయారీదారు ఈ హెచ్చరికను చుట్ట మీద ముద్రించలేదు, పైఅట్టపెట్టె మీద మాత్రమే వేశాడు. పెట్టె చెత్తబుట్టలోకి పోతుంది, చుట్ట ఏళ్ల తరబడి ఉంటుంది. ఇది నేను గట్టిగా తప్పుపట్టే విషయం.

చీటీ మీద తగరానికి ‘ఎస్‌ఎన్’, సీసానికి ‘పీబీ’ అన్న సంకేతాలున్నాయి. ‘పీబీ’ అంటే ‘ప్లంబుమ్’, రోమన్లు సీసానికి పెట్టుకున్న పేరు. సీసపు గొట్టాలు అమర్చేవాడు కాబట్టి ‘ప్లంబర్’ వచ్చాడు. వాళ్లు సీసాన్ని నల్ల ప్లంబుమ్ అని, తగరాన్ని తెల్ల ప్లంబుమ్ అని పిలిచేవారు. రెండు పాళ్లు నల్లది, ఒక పాలు తెల్లది కలిపిన లోహంతో గొట్టాలను అతికేవారని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఇది చిన్న సంగతి కాదు. ఆ పాళ్లలో కలిపిన సోల్డర్ 183 నుంచి దాదాపు 250 డిగ్రీల దాకా గుజ్జులాగే ఉంటుంది. బోర్డుల మీద నేను దోషమన్న ఆ గుణమే గొట్టాల పనిలో వరం, ఎందుకంటే పనివాడు ఆ గుజ్జును గుడ్డతో అతుకు చుట్టూ తుడుస్తూ నున్నగా మలచగలడు. సీసపు గొట్టాలు వాడినంతకాలం ప్లంబర్లు ఇంచుమించు అదే పాళ్లను పట్టుకుని వచ్చారు. కాబట్టి 63/37 అన్నిటికంటే మేలైన సోల్డర్ అని నేను అనను, సన్నని ఎలక్ట్రానిక్ అతుకులకు మేలైనది అంటాను.

కొనేవారు పొరబడే మరో రెండు మాటలను ఇక్కడే విడదీయాలి. ‘వెల్డింగ్’లో అతికే ముక్కలే కరిగి కలుస్తాయి. ఆ మాట నీరు ఉబికి పొంగడాన్ని చెప్పే పాత ఇంగ్లిష్ మాట నుంచి మారింది. ‘బ్రేజింగ్’, సోల్డరింగ్ రెండింటిలోనూ ముక్కలు కరగవు, నడుమ నింపే లోహం మాత్రమే కరుగుతుంది. ఆ నింపే లోహం 450 డిగ్రీలకు పైన కరిగేదైతే బ్రేజింగ్, ఆ లోపు కరిగేదైతే సోల్డరింగ్ అని ఇప్పటి నిర్వచనం. అయినా వెండి పనిలో వాడే, 600 డిగ్రీలు దాటితే తప్ప కరగని మిశ్రమాన్ని నేటికీ సిల్వర్ సోల్డర్ అనే పిలుస్తారు. అది చూసి ఎవరైనా ఈ చుట్టతో ఉంగరం అతకబోతే అతుకు నిలవకపోవడమే కాదు, ఆ తరువాత ఆ నగను వేడి చేసినప్పుడు సీసం వెండిని తినేసి గుంటలు పడతాయి.

సీసం లేని చుట్ట సంగతి క్లుప్తంగా చెబుతాను. 99.3 శాతం తగరం, 0.7 శాతం రాగి. ఇది కూడా యూటెక్టిక్కే, 227 డిగ్రీల దగ్గర కరుగుతుంది. యూరోపియన్ యూనియన్ 2006 జూలై 1 నుంచి చాలా రకాల ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని పరిమితం చేసిన తరువాత ఇలాంటి మిశ్రమాలు విస్తరించాయి. ఐరన్‌ను మరో ముప్ఫై డిగ్రీలు పెంచుకోవాలి, ఐరన్ మొన త్వరగా అరుగుతుంది, అతుకు మెరవకుండా కాస్త మసకగా ఉంటుంది. మొదట ఆ మసకను చూసి అతుకులన్నీ చెడిపోయాయని కంగారుపడి సగం మళ్లీ కరిగించాను. అనవసరపు శ్రమ. సీసం లేని సోల్డర్‌ను మెరుపుతో కాక, అది కాలు చుట్టూ లోపలికి వంగిన వాలుగా పాకిందా లేదా అన్నదానితో తూచాలి. అలా చూస్తే ఈ చుట్ట కూడా తన పేరుకు న్యాయం చేసింది. తాగునీటి గొట్టాలకు, పిల్లల చేతికి వచ్చే వస్తువులకు సీసం లేనిదే వాడాలి, ఇందులో రాజీ లేదు. పాత రేడియోలు, పాత బోర్డుల మరమ్మతుకు, పని నేర్చుకునేవారి తొలి వంద అతుకులకు 63/37 చుట్టనే సిఫారసు చేస్తాను.

చుట్టడంలో ఒక లోపం ఉంది. చివరి పొరల్లో తీగ ఒకదాని కిందికి ఒకటి దూరి చిక్కుపడింది, లాగితే తెగింది. రెండు చోట్ల కోసి చూస్తే మధ్యనున్న ఫ్లక్స్ బోలు మాత్రం ఎక్కడా తెగిపోకుండా, సరిగ్గా తీగ నడిమధ్యనే ఉంది, అదే ముఖ్యం. ఆ గరగరమన్న ఆంప్లిఫయర్ కెపాసిటర్‌ను ఈ తీగతోనే తిరిగి అతికాను. నిన్న దాని పెట్టె మీద వేలితో గట్టిగా కొట్టి చూశాను. పాట ఆగలేదు.